ముగో వరసలో ఒక కుండీ

సాయంత్రం అయిదింటికి గేటు మూసేదాకా ఆ కుండీ ఎవరి కంటా పడకూడదు. అంతవరకూ గడిస్తే చాలు, ఆ తరువాత దొమితిలాకు ఈ లోకంలో ఎవరితోనూ పేచీ లేదు.

పొద్దున్నుంచీ ఆమె వేళ్ళు మాత్రం రోజూలాగే వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మే నెల. పైన్ మొక్కల కొమ్మల చివర లేత చివుళ్ళు కొవ్వొత్తుల్లా నిటారుగా లేచి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, సగానికి టక్కున తుంచి, నడుముకు కట్టుకున్న సంచిలో వేస్తోంది. కత్తెర వాడకూడదు. కత్తెర తగిలితే సూదుల్లాంటి ఆకుల కొసలు మాడి, వేసవంతా మొక్క జబ్బుమనిషిలా కనిపిస్తుంది. చేత్తో తుంచితే చివురు రెండుగా చీలి గుబురవుతుంది. పనిలో చేరిన కొత్తల్లో ఈ జిగురుకు ఆమె చేతులు బొబ్బలెక్కేవి. ఇప్పుడు జిగురు వేళ్ళ సందుల్లో నల్లగా గట్టిపడి, మధ్యాహ్నం వంటనూనె రాసి రుద్దితే గాని వదలదు. ఎడమ మోకాలు మడత పడదు కనక ఆ కాలు ముందుకు చాపి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఒక మొక్క కాగానే బకెట్టుతో సహా పక్కకు జరుగుతుంది.

ట్వైట్ నర్సరీలో పెద్ద చెట్లు అమ్మరు. కొండల్లో ఎనభై అడుగులు లేచే జాతులనే ఇక్కడ నడుము దగ్గరో మోకాలి దగ్గరో ఆపి, చిన్న తోటలకూ, మేడ మీద కుండీలకూ అమ్ముతారు. దొమితిలా కూడా నేలకు దగ్గరి మనిషే. నెరిసిన జడ టోపీ కిందికి దోపుకుంటే తోటలోని చాలా మొక్కల కన్నా ఆమె అంత ఎత్తేమీ కాదు.

"వదినా, నువ్వు కూడా ఈ నర్సరీ రకమే," అన్నాడు సెలెస్తీనో, కుండీల బండి తోసుకుంటూ పోతూ. "నీకో చీటీ గుచ్చి వరసలో నిలబెడితే ఈ అమ్మకంలో ఎవరో ఒకరు కొనుక్కుపోతారు."

"కొన్నవాడికి కన్నీళ్ళే. రోజూ కాఫీ పొయ్యాలి నాకు."

"పోసేవాడు పోసినన్నాళ్ళూ పోశాడులే," అన్నాడు సెలెస్తీనో. అన్నాక నాలిక కరుచుకుని, బండి గట్టిగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పోసేవాడు ఫిదెన్సియో. సెలెస్తీనో కూతురికి జ్ఞానతండ్రి, దొమితిలాకు మొగుడు. పోయిన శరదృతువులో, తోటల్లో హేజెల్ కాయలు ఊడ్చే రోజుల్లో, దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులు ఇక చాలన్నాయి. ఉడ్‌బర్న్ ఊరిచివర శ్మశానంలో గడ్డి మధ్య చిన్న పలకరాయి కింద ఉన్నాడు. అక్కడ గడ్డి కోసే యంత్రానికి అడ్డం రాకూడదని ఒక నియమం ఉంది. రాయి మీద కుండీ ఒకటి పెట్టుకోవచ్చు, కాని అందులోది మోకాలు దాటకూడదు. దాటితే పనివాళ్ళు పీకి అవతల పారేస్తారు. పక్క సమాధి మీద ఎవరో ప్రేమగా పెట్టిన సైప్రస్ మొక్కను అలాగే పీకేయడం దొమితిలా కళ్ళారా చూసింది.

మోకాలు దాటని పైన్ ఏదని ఎవరైనా అడిగితే ఆమెకు తెలిసిన జవాబు ఒక్కటే. అది ఈ తోటలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆరేళ్ళ కిందట, క్రిస్మస్ దండలకు కొమ్మలు కోయడానికి శాంటియమ్ కనుమ మీదికి వెళ్ళినప్పుడు, ఒక లాడ్జ్‌పోల్ పైన్ కొమ్మ మీద గూడులా ముద్దగా పెరిగిన గుబురును ఫిదెన్సియో చూశాడు. అలాంటి గుబురును మంత్రగత్తె చీపురంటారు. చెట్టుకు ఎక్కడో బుద్ధి తప్పి, ఆ ఒక్కచోట పెరగడం మానేసి పిలకలు వేస్తుంది. దాని పుల్ల తెచ్చి అంటు కడితే పొట్టిమొక్క పుడుతుంది. ఈ తోటలో పేరున్న మొక్కలన్నీ అలా పుట్టినవే. నర్సరీ వాళ్ళయితే తుపాకీతో కొమ్మను పేల్చి పడగొడతారు. ఫిదెన్సియో దగ్గర ఉన్నది మడత రంపం. గడకర్ర లాంటి మనిషి, మంచు పేరుకున్న చెట్టు ఎక్కి కోసుకొచ్చి, తన టోపీలో పెట్టి ఆమెకిచ్చాడు.

"ఇరవయ్యేళ్ళుగా వాళ్ళ మొక్కలకి అంటు కడుతున్నావు. మనకోటి కట్టవే."

కట్టింది. జనవరిలో, బల్ల చివర, మిగిలిపోయిన వేరుమొక్కల మీద. కట్టినవాటిలో ఒక్కటే పట్టింది. కాని వేరుమొక్క నర్సరీది, మట్టి నర్సరీది, కుండీ నర్సరీది. ఇక్కడ కట్టిన అంటు ఏదైనా నర్సరీదేనన్నది మొదటిరోజే చెప్పే మాట. అందుకని దానికి ముగో చీటీ గుచ్చి ముగో వరసలో పెట్టింది. రెండింటికీ ఆకు జంటసూదులే, రంగూ దాదాపు ఒకటే. ముగో అంటే తోటలోకెల్లా చవక పైన్ రకం, వందల్లో ఉండేది. నర్సరీలో ఎవరూ మొక్కను చూడరు, చీటీని చూస్తారు. ఆమె ఆరేళ్ళ ధైర్యమంతా ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది.

ఫిదెన్సియో రోజూ రాత్రి భోజనం దగ్గర అడిగేవాడు. "ఎలా ఉంది మన పిల్ల?"

"గోరంత పెరిగింది."

"నన్ను దాటడానికి ఎన్నాళ్ళు పడుతుందంటావు?"

"నువ్వు పడుకుంటే దాటుతుంది."

ఆ మాటకు అతను దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు. ఇప్పుడు పడుకునే ఉన్నాడు.

ఆమె దొంగతనం తలపెట్టలేదు. వసంతపు అమ్మకం రోజున, గేటు మూశాక, మిగిలిన మొక్కల్లో పనివాళ్ళు తమకు కావలసింది డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ముందుగా పక్కన పెట్టుకోవడం కుదరదు. రెండేళ్ళ కిందట రెఫూహియో అనేవాడు విరిగిన మొక్కనొకదాన్ని 'ఇది నాది' అని గోడ పక్కన దాచుకున్నాడు. మర్నాటి నుంచి వాణ్ణి పనిలోకి రానివ్వలేదు. ఇన్నేళ్ళూ అంటు ఇంకా లేతది, ఇంకో ఏడాది పోనీ అని ఆగుతూ వచ్చింది. ఈ ఏడు ఆగేందుకు కారణమేమీ మిగల్లేదు. తెల్లవారుజామున పాత ట్రక్కులో బయలుదేరేముందు పక్కసీటు మీద వార్తాపత్రిక పరిచి, ఫిదెన్సియో స్నానపు తువ్వాలును మెలిపెట్టి చుట్టకుదురు చుట్టి పెట్టింది. మలుపుల్లో కుండీ దొర్లకూడదు. వేళ్ళు కదిలితే పైన్ కోలుకోవడం కష్టం.

*

తొమ్మిదింటికి గేటు తెరిచారు. పావుగంటలో దొమితిలా కుండీని ఒకసారి చూసుకుందామని వెళ్ళింది.

ముగో వరస అది ఉండవలసిన చోట లేదు. తోట వెనక, కారే కొళాయి దగ్గర, జనం అడుగుపెట్టని మూల ఉండవలసింది. ఖాళీ కంకర మీద గుండ్రని తడి మరకలు మాత్రం ఉన్నాయి.

"ముగోలు ఏవి?"

"ముందుకి తెచ్చేశా," అన్నాడు సెలెస్తీనో చెమట తుడుచుకుంటూ. "మన ఓనరమ్మ మార్లిస్ గారు చెప్పారు. చవక సరుకు ఎదురుగా ఉంటే జనం లోపలికొస్తారంట. నడుం పడిపోయిందనుకో."

ఆమె మోకాలి నొప్పి మరిచిపోయి నడిచింది. గల్లాపెట్టెకు నాలుగడుగుల దూరంలో, ఎండలో, ముగోలు బారులు తీరి ఉన్నాయి. రెండో వరస మధ్యలో ఆ కుండీ. మిగతావి అటూ ఇటూ చేతులు చాపుతున్నట్టున్నాయి. ఇదొక్కటే పిడికిలి బిగించినట్టు ఉంది. తెలిసిన కంటికి అది అరిచి చెప్పినట్టే కనిపిస్తుంది. చివుళ్ళు తుంచే నెపంతో బకెట్టు అక్కడ వేసుకుని, ఒక్కొక్క కుండీనీ సర్దుతూ సర్దుతూ దాన్ని ఆఖరి వరస కొసకు చేర్చింది. స్తంభం నీడలో, గుబురు తక్కువగా ఉన్న వైపు జనానికి కనబడేలా తిప్పి, ముందు రెండు పొడుగువాటిని అడ్డం పెట్టింది.

మధ్యాహ్నం లోపల రెండుసార్లు ప్రాణం పోయి వచ్చింది. ఒకాయన కొలత పట్టీ తీసుకుని వరసంతా కొలుస్తూ స్తంభం దాకా వచ్చాడు. ఆమె చివుళ్ళ సంచి అతని బూట్ల మీద ఒలకబోసింది. అతను తిట్టుకుంటూ దులుపుకుని, చేతికి అందినదాన్ని పట్టుకుపోయాడు. తరువాత ఒక పిల్ల ఆ కుండీ మీదే చెయ్యి వేసింది. పిల్ల తల్లి, "అది బక్కగా ఉంది, వద్దు," అంది. ఆ తల్లికి దొమితిలా మనసులో దండం పెట్టుకుంది.

భోజనం నిలబడే చేసింది. మడిచిన రొట్టెలో చిక్కుడుగింజలు, పచ్చిమిర్చి. నమిలిందో మింగిందో తెలియదు.

మూడు దాటేసరికి కార్లు పలచబడ్డాయి. ముగోలు సగానికి సగం పోయాయి. ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పుడే వచ్చింది నారింజరంగు కోటు ఆవిడ.

"ఈ మొక్కల సంగతి తెలిసినవాళ్ళు మీరేనంట కదా! మార్లిస్ గారు చెప్పారు. నా పేరు లెనోర్. నాకు బుద్ధి చెప్పండి ప్లీజ్," అంది ఆవిడ నవ్వుతూ. "పోయినసారి ఇంకోచోట కొన్నాను. పొట్టిరకమని చీటీ మీద ఉంది. ఇప్పుడది పై అంతస్తావిడ నేలని పొడుస్తోంది. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది."

దొమితిలాకు నవ్వొచ్చింది. ఇలాంటి ప్రశ్నంటే ఆమెకు ఇష్టం. ఈ దేశంలో ఆమె మాట ఆగి వినేది ఈ ఒక్క విషయంలోనే.

"ఎక్కడ పెడతారు?"

"పోర్ట్‌లాండ్‌లో, బాల్కనీలో. రెండు కుర్చీల మధ్య. కాఫీ కప్పుకి అడ్డం రాకూడదు."

"అయితే చీటీ చదవకండి," అంది దొమితిలా. ఒక కుండీ ముందుకు లాగి కొమ్మలు విడదీసి చూపించింది. "ముగో గింజ నుంచి మొలుస్తుందమ్మా. ఒక కాయలో పుట్టిన గింజలే. ఒకటి మోకాలి దగ్గర ఆగిపోద్ది, దాని తోబుట్టువు చూరు పట్టుకుంటది. ఇప్పుడు రెండూ ఒక్కలాగే కనపడతాయి. ఎత్తు చూసి కొంటే మోసపోతారు. ఇదిగో ఇక్కడ చూడండి. కాండం చుట్టూ కొమ్మలు చక్రంలా వచ్చాయా? అదొక ఏడాది. దాని పైన ఇంకో చక్రం, ఇంకో ఏడాది. మధ్యలో ఈ ఎడం ఉందే, ఏడాదికి అది పెరిగే తీరు అదే. ఎడం ఎంత తక్కువుంటే మొక్క అంత బుద్ధిమంతురాలు."

"అబ్బ, ఎవరూ చెప్పలేదు నాకీ మాట!"

"ఆకు పొట్టిగా ఉండాలి. మొగ్గలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉండాలి. పైకి బక్కగా ఉందని వదిలెయ్యకండి. బక్కదే నిలబడేది. కుండీ మరీ పెద్దది వద్దు. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనియ్యకండి, వేళ్ళు కుళ్ళిపోతాయి."

చెబుతూంటే ఆమెకు ఒంట్లో అలసట పోయింది. లెనోర్ చదువుకునే పిల్లలా తల ఊపుతూ కొమ్మల్లోకి వంగి చూస్తోంది.

"దొమితిలా! ఒక్కసారి ఇటు రా!" వెనక నుంచి మార్లిస్ పిలిచింది. ఎవరిదో ట్రక్కులోకి నాలుగు పెద్ద హెమ్‌లాక్ కుండీలు ఎక్కించాలి. సెలెస్తీనో ఒక్కడివల్లా కావడం లేదు.

"మీరు వెళ్ళండి, నేను వెతుక్కుంటాలే," అంది లెనోర్ కోటు చేతులు మడుచుకుంటూ. "ఇప్పుడు నాకు వచ్చేసింది."

హెమ్‌లాక్‌లు ఎక్కించి, తాళ్ళు బిగించి, నడుము పట్టుకుని దొమితిలా తిరిగి వచ్చేసరికి స్తంభం పక్కన రెండు పొడుగుమొక్కలూ పక్కకు జరిపి ఉన్నాయి. వాటి వెనక కంకర మీద గుండ్రని తడి మరక ఉంది.

లెనోర్ గల్లాపెట్టె దగ్గర ఉంది. కుండీ బల్ల మీద ఉంది. మార్లిస్ చీటీ చూసి ధర కొట్టబోతోంది.

"చూశారా!" లెనోర్ దూరం నుంచే చెయ్యి ఊపింది. "మీరు చెప్పినట్టే వెతికా. దీని చక్రాల మధ్య నా గోరు కూడా పట్టలేదు! మీరు నేర్పకపోతే దీని మొహం కూడా చూసేదాన్ని కాదు."

దొమితిలా బల్ల దగ్గరికి వచ్చి కుండీ అంచు మీద చెయ్యి వేసింది. "ఇది వద్దమ్మా. ఇంకా మంచిది ఇస్తాను."

"దీనికన్నానా?"

"పెద్దది. గుబురైనది. అదే ధరకి."

"గుబురు వద్దు, బక్కదే నిలబడేదని మీరే కదా అన్నారు!" లెనోర్ పకపకా నవ్వింది. "నాకిదే కావాలి. పోతే పోయిందిలెండి. వేసవిలో మేం ఊళ్ళో ఉండం. ఎండిపోతే వచ్చే ఏడు ఇంకోటి కొనుక్కుంటా. చవకేగా."

*ఎండిపోతే.* ఆ మాట దొమితిలా చెవిలో పడి కిందికి దిగింది.

మార్లిస్ తలెత్తింది. సన్నటి మనిషి. ఎండకు కమిలిన మొహం. నెత్తిన తండ్రి వాడిన టోపీ. "ఎందుకు వద్దంటున్నావు దొమితిలా? దానికేమైంది?"

నిజం చెబుదామంటే రెఫూహియో గుర్తొచ్చాడు. ఊరుకుందామంటే పోర్ట్‌లాండ్ బాల్కనీలో రెండు కుర్చీల మధ్య ఎండిన చీపురు కనిపించింది. గల్లాపెట్టె మీద మార్లిస్ వేలు ఉంది. ఆ వేలు దిగేలోపల ఏదో ఒకటి అనాలి.

"ఎర్రమచ్చ," అంది. "ఆకు మీద ఎర్రమచ్చ ఉన్నట్టుంది."

నోరు జారిన క్షణంలోనే తెలిసింది కొరివితో తల గోక్కున్నానని.

మార్లిస్ వేలు గల్లాపెట్టె మీంచి వెనక్కి వచ్చింది. మూడేళ్ళ కిందట ఎర్రమచ్చ తెగులు ఒక్క మొక్కకు కనిపించింది. రాష్ట్రం నుంచి అధికారులు వచ్చి వసంతమంతా గేటుకు తాళం వేశారు. సగం తోటను పీపాల్లో తగలబెట్టారు. అవన్నీ మార్లిస్ తండ్రి చేత్తో పెంచినవి. మంటల దగ్గర కుర్చీ వేసుకుని ఆయన చివరిదాకా చూశాడు. ఆ చలికాలం దాటలేదు. ఆ మొదటి మచ్చను పట్టుకున్న కన్ను దొమితిలాదే. ఆ రోజు నుంచి తోటలో ఆమె మచ్చ అంటే మచ్చే.

"సారీ అండి," అంది మార్లిస్ లెనోర్‌తో, కుండీని వెనక్కి లాక్కుంటూ. గొంతు తొణకలేదు. "ఇది ఇవ్వలేను. ముగో కాకుండా ఇంకేదైనా ఉచితంగా తీసుకెళ్ళండి. చేతులు మాత్రం అక్కడ కడుక్కోండి." బల్ల కింద నుంచి నల్లసంచి తీసి మొక్క తలమీద నుంచి తొడిగి, మూతి బిగించింది. "సెలెస్తీనో, పీపా అంటించు."

లెనోర్ అవతలి వరసలోంచి వేరే మొక్క ఒకటి పట్టుకుని, ఏమైందో అర్థంకాక ఇటే చూస్తూ కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా దొమితిలా ఓపిక పట్టింది.

"మార్లిస్ గారూ, నేను సరిగ్గా చూళ్ళేదు. మచ్చ కాదది. చలికి కమిలింది."

"ఇన్నేళ్ళలో నీ కన్ను ఒక్కసారి తప్పింది చూపించు."

"ఈసారి తప్పింది. సంచి విప్పండి, మీరే చూడండి."

"నాకు కనపడితే నిన్నెందుకు అడుగుతాను? మొదట్లో ఎవరికీ కనపడదు, అదేగా దాంతో వచ్చిన చావు." మార్లిస్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "జాలిపడుతున్నావు. పక్కన తగిలిన కుండీలు కూడా పోతాయని నీ బాధ. నాకు తెలుసు. అయినా పోనీ."

చెయ్యి వెచ్చగా, దయగా ఉంది. ఆ దయ మోయలేకపోయింది దొమితిలా. నిజమే మిగిలింది. అదీ తీసి బల్ల మీద పెట్టింది.

"అది ముగో కాదమ్మా. నాది. మా ఆయన కనుమ మీద చెట్టెక్కి చీపురు కోసుకొచ్చాడు, నేను మన వేరుమొక్క మీద అంటు కట్టాను. ఆరేళ్ళ నుంచి ఇక్కడే దాచాను. ఇవాళ డబ్బిచ్చి కొనుక్కుందామనుకున్నా. ఆయన రాయి మీద పెట్టడానికి. తెగులు లేదు. ఆవిడ పట్టుకుపోతుందని అబద్ధం ఆడాను. దేవుడి మీద ఒట్టు."

మార్లిస్ సంచి మూతి ఇంకోసారి బిగించింది. గట్టిగా అరిచే మనిషైతే కాళ్ళు పట్టుకోవడం సులువయ్యేది.

"కనుమ మీద నుంచా?" అంది నెమ్మదిగా. "అడవి చెట్టు నుంచి కోసిన కొమ్మ. పరీక్షలేం లేకుండా, దూరంగా పెట్టకుండా, తిన్నగా నా అంటుబల్ల మీదికి తెచ్చావా?"

"ఆరేళ్ళ కిందట..."

"మూడేళ్ళ కిందట మా తోటలోకి తెగులు ఎక్కడినుంచొచ్చిందో ఎవరికీ తెలీలేదు దొమితిలా. నాన్న పోయేదాకా అదే అడుగుతూ పోయాడు. ఎక్కడినుంచొచ్చిందే మార్లిస్, ఎక్కడినుంచొచ్చిందే అని."

దొమితిలా నోరు తెరిచింది. ఆ తెగులు వచ్చింది తన మొక్క నుంచి కాదు. దాని ఒక్క సూది మీద కూడా ఏనాడూ మచ్చ లేదు. కాని ఆ మాట చెప్పే నోటికి ఇప్పుడు విలువ లేదు. ఇంతకుముందు చెప్పిన అబద్ధానికే ఉంది.

"గేటు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళు," అంది మార్లిస్. "సోమవారం రావద్దు. జీతం పంపిస్తాను."

*

అంటుకట్టే ఇంటి వెనక ఇనపపీపా అప్పటికే రాజుకుంది. సెలెస్తీనో సంచి విప్పి, మొక్కను కుండీలోంచి లాగాడు. వేళ్ళు మట్టిముద్దను వలలా చుట్టుకుని తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఇద్దరూ దాన్ని చూశారు.

"నాకొక్క ముక్క చెప్తే ఈ వరస కదిపేవాణ్ణా వదినా? అన్న రాయి దగ్గరికెళ్ళి ఏం చెప్పుకోను నేను?"

"ఎవరికీ చెప్పకపోతే భద్రంగా ఉంటదనుకున్నా."

అతను చుట్టూ చూసి, ఒక కొమ్మ కొస పుటుక్కున విరిచి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "పట్టుకుపో. మళ్ళీ అంటు కట్టు. నీ చేతికి పట్టందేముంది?"

ఆమె పిడికిలి తెరిచి చూసింది. లేతచివురు, మెత్తగా, నీళ్ళతో నిండి ఉంది. జనవరిలో నిద్రపోయే పుల్లయితే పడుతుంది. మే నెల చివురు పట్టదు. ఈ సంగతి అంటుకత్తి పట్టిన ప్రతివాడికీ తెలుసు. సెలెస్తీనోకూ తెలుసు.

"తెగులుదంటగా," అంది. "అదీ వేసెయ్యి."

అతను కదల్లేదు. ఆమే వేసింది.

జిగురున్న మొక్క. చిటపటలాడుతూ ఒక్కసారిగా మండి, అంతలోనే అయిపోయింది. ఆరేళ్ళు గోరంత గోరంత పెరిగినది, నీళ్ళు నిండిన బకెట్టు తోట ఈ చివర నుంచి ఆ చివరకు మోసినంతసేపు కూడా మండలేదు. సెలెస్తీనో టోపీ తీసి పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టు మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర గంట మోగింది. అయిదయింది. పనివాళ్ళు తమకు కావలసిన మొక్కలు ఏరుకోవడానికి తోటలోకి వస్తున్నారు. "అక్కా, దీన్ని చూసి చెప్పు, ఇంటిముందు పెడితే పెద్దదవుద్దా?" అని ఎవరో ఆడమనిషి దూరం నుంచి కేక వేసింది. దొమితిలా దగ్గరికి వెళ్ళి, అలవాటుగా కొమ్మల చక్రాల మధ్య ఎడం చూసింది.

"అవుద్ది," అంది. "దాని పక్కది తీసుకో."

ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. వంటనూనె సీసా తన సొంతం. అది సంచిలో వేసుకుంది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. మార్లిస్ ఎదురుగానే నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

ట్రక్కు తలుపు తీసి ఎక్కాక, శ్మశానం వైపు మలుపు దగ్గర కాలు దానంతట అది బ్రేకు మీదికి పోయింది. వెనకవాడు హారను కొట్టాడు. ఆమె తిన్నగా పోనిచ్చింది. ఒట్టి చేతులతో వెళ్ళి 'ఎలా ఉంది మన పిల్ల' అంటే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

ఇంటి ముందు ట్రక్కు ఆపి, దిగి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. పక్కసీటు మీద పరిచిన వార్తాపత్రిక చెదరలేదు. దాని మీద ఫిదెన్సియో తువ్వాలు చుట్టకుదురు, నడుమ కుండీ అడుగుకు సరిపడా ఖాళీతో, పొద్దున చుట్టింది చుట్టినట్టే ఉంది.